ఒక్క గొంతు కట్టిన ఓడ

పాటగాడు వాద్యం చేతబట్టుకుంటే లోకం ఒక పట్టాన నమ్మదు. 1976 జూలైలో ఇంగ్లండ్‌లో ‘ఓలియాస్ ఆఫ్ సన్‌హిల్లో’ అనే ఆల్బమ్ వచ్చింది. చేసినాయన జాన్ ఆండర్సన్. పాటలు రాసిందీ, స్వరపరిచిందీ, పాడిందీ ఆయనే. హార్ప్ మొదలుకొని సింథసైజర్ దాకా, చిన్న గంటల దగ్గర్నుంచి డోళ్ల దాకా వాయించిందీ ఆయనే. అయినా ఆ రికార్డు పుట్టిన నాటి నుంచి ఒక అనుమానం దాని వెంట పడింది. ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, తెర వెనక ఇంకెవరో ఉన్నారని. ఆ ఇంకెవరో గ్రీకు సంగీతకారుడు వాంగెలిస్ అని కూడా జనమే తేల్చేశారు. నేను కాదన్నారు వాంగెలిస్. ఆయన వాయించలేదన్నారు ఆండర్సన్. ఇద్దరూ చెప్పినా ఆ మాట చాలా ఏళ్లు తిరుగుతూనే ఉంది.

ఈ ఆల్బమ్ గురించి అభిమానుల్లో తగవు ఇప్పటికీ తెగలేదు. ఆ రోజుల్లో వచ్చినవాటిలోకెల్లా అందమైనదని కొందరంటారు. పట్టూ విడుపూ లేని గాలిమేడ అని ఇంకొందరంటారు. నాకు మొదటివాళ్ల మీద మొగ్గు ఎక్కువే కానీ, రెండోవాళ్లు చెప్పేది బొత్తిగా కొట్టిపారేయడానికి లేదు. నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది మాత్రం ఆ మూడో మాట, వాయించింది ఈయన కాదన్న మాట. రికార్డు బాగుందో లేదో చెప్పడం వినేవాడి హక్కు. చేసినవాడి చేతుల్లోంచి దాన్ని లాగేసుకోవడం వేరే సంగతి.

ఆండర్సన్ 1944లో లాంకషైర్‌లోని ఆక్రింగ్టన్‌లో పుట్టారు. నూలు మిల్లుల ఊరు అది. పదిహేనేళ్లకే బడి మానేశారు. పొలంలో పనిచేశారు, ఇటుకల లారీ తోలారు, ఇంటింటికీ పాలు పోశారు. అన్నతో కలిసి ‘వారియర్స్’ అనే చిన్న బృందంలో పాడారు. తర్వాత లండన్ చేరి సోహోలోని ఒక బారులో ఊడ్చి తుడిచే పని చేస్తున్నప్పుడు బేస్ గిటార్ వాయించే క్రిస్ స్క్వైర్‌తో పరిచయమైంది. 1968లో ‘యెస్’ పుట్టింది అక్కడి నుంచే. ‘ఫ్రాజైల్’, ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ లాంటి రికార్డులతో ఆ బృందం ప్రోగ్రెసివ్ రాక్‌కు ఆనవాలుగా నిలిచింది. కొన్ని పాటలు పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. వాటిలో నాలుగైదు ఘట్టాలు, తాళం మారడాలు, చర్చి ఆర్గన్, గిటార్ పరుగులు. స్టీవ్ హౌ, రిక్ వేక్‌మన్, బిల్ బ్రూఫర్డ్, ఆయన వెళ్లాక అలన్ వైట్, అందరూ తమ తమ వాద్యాల్లో దిట్టలు.

వాళ్ల మధ్య ఆండర్సన్ ఒక్కరే ‘గాయకుడు’. ఏ వాద్యంలోనూ పద్ధతిగా శిక్షణ లేదు. తన ఆలోచనని నోటితో పాడి వినిపించేవారు, లేదా అకూస్టిక్ గిటార్ మీద తెలిసిన నాలుగు కార్డులు మీటి చూపించేవారు. పట్టుబట్టి అనుకున్నది సాధించుకునే తీరు చూసి బృందంలో ఆయన్ని నెపోలియన్ అనేవారు. అంత పెద్ద నిర్మాణాలకు ఊహ చాలావరకు ఆయనదే. కానీ వేదిక ఎదుట కూర్చున్నవాడికి కనిపించేవి వేళ్లు. వేళ్లు కదిలితే అది శ్రమ, గొంతు కదిలితే అది వరం. ఈ లెక్క రాక్ సంగీతంలో చాలా లోతుగా పాతుకుపోయింది.

1974లో ‘రిలేయర్’ ఆల్బమ్, దాని వెంట సుదీర్ఘ పర్యటనలు ముగిశాక, యెస్ సభ్యులు అయిదుగురూ విరామం తీసుకుని తలా ఒక సొంత ఆల్బమ్ చేశారు. 1975లో స్టీవ్ హౌ ‘బిగినింగ్స్’, స్క్వైర్ ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’ వచ్చాయి. 1976లో కీబోర్డు కళాకారుడు పాట్రిక్ మొరాజ్, డ్రమ్మర్ అలన్ వైట్ తమతమవి తెచ్చారు. మొరాజ్ బ్రెజిల్ తాళవాద్యకారులను కూర్చుకున్నారు. స్క్వైర్ ఆర్కెస్ట్రా పెట్టుకున్నారు, బ్రూఫర్డ్‌ని డ్రమ్స్‌కి పిలుచుకున్నారు. వైట్ పాటలు వేరేవాళ్ల చేత పాడించుకున్నారు. ఎవరినీ పిలవనిది ఆండర్సన్ ఒక్కరే.

హౌ తన ఆల్బమ్‌లో తానే పాడారు. గొంతు బాగా లేదని చాలామంది అన్నారు, నిజంగానే అది ఆయన బలం కాదు. కానీ ఇది హౌ పాడలేదు, ఎవరో పాడి పెట్టారని ఒక్కరైనా అన్నారా? వాద్యకారుడు పాడితే బాగా పాడలేదంటారు. గాయకుడు వాయిస్తే అసలు వాయించలేదంటారు. 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ ఇరవయ్యేళ్లు నిండని కుర్రాడిగా ‘ట్యుబులర్ బెల్స్’లో దాదాపు వాద్యాలన్నీ తానే వాయిస్తే లోకం ముక్కున వేలేసుకుంది, మెచ్చుకుంది. అతను గిటారిస్టు గనక అనుమానం రాలేదు. అదే పని మూడేళ్ల తర్వాత ఒక గాయకుడు చేస్తే సాక్ష్యాలు అడిగారు.

సాక్ష్యం రికార్డులోనే ఉంది. ఆండర్సన్ ఈ పని చేసింది బకింగ్‌హమ్‌షైర్‌లో, సీర్ గ్రీన్ అనే పల్లెలోని తన ఇంటి గారేజీలో. తోడుగా ఉన్నది ఇంజనీరు మైక్ డన్. టేపు మీద ఒక వాద్యం వాయించి, వెనక్కి తిప్పి, దాన్ని వింటూ దాని మీద ఇంకొకటి వాయించి, ఆ రెండిటి మీద గొంతు, ఆ గొంతు మీద మళ్లీ తన గొంతే. ఇలా పొర మీద పొర పేర్చుకుంటూ పోయారు. శ్రద్ధగా వింటే ఈ పద్ధతి అడుగడుగునా తెలిసిపోతుంది. ఏ వాద్యమూ కష్టమైన పరుగు తీయదు. ప్రతిదీ ఒక చిన్న పలుకు అందుకుని, దాన్నే తిప్పి తిప్పి పలుకుతుంది. పలుకులన్నీ పాడుకోవడానికి వీలైనవి. హార్ప్ తీగలు కూనిరాగం తీస్తున్నట్టుంటాయి, సింథసైజర్ ఊపిరి పీల్చుకునే చోట ఆగుతుంది. కీబోర్డు ముందు పుట్టి పెరిగినవాడు ముందుగా కార్డుల్లో ఆలోచిస్తాడు. ఇక్కడ ఆలోచన అంతా ఒంటి స్వరవరసల్లో సాగింది. అలాంటి వరసలు పదీ పదిహేనూ ఒకదాని పక్కన ఒకటి చేరి కార్డు అవుతున్నాయి.

హార్ప్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఈ ఆల్బమ్‌కి అది ప్రాణం. చిన్న హార్ప్‌ని ఒక స్వరక్రమానికి శ్రుతి చేసుకుంటే చెయ్యి ఎటు జారినా అపస్వరం పడదు. మన దగ్గర హిందుస్తానీ గాయకులు ఒళ్లో స్వరమండల్ పెట్టుకుని, పాడుతూ మధ్యమధ్య తీగల మీద వేళ్లు పారిస్తారు చూడండి, అందుకూ కారణం అదే. రాగం చుట్టూ ఒక వెలుగులాంటి ధ్వని కావాలి, మనసు మాత్రం గొంతు మీదే ఉండాలి. ‘డాన్స్ ఆఫ్ రన్యార్ట్’ మొదట్లో ఆండర్సన్ హార్ప్ వినండి. అది గాయకుడి చెయ్యి. వాద్యం మీద ప్రావీణ్యం చూపాలన్న తపన అందులో లేదు, పాటకు చోటు చేసిపెట్టడమే ఉంది. వాద్యకారుణ్ణి అచ్చం పాడినట్టు వాయించాడని మెచ్చుకునే సంగీతంలో చెవులు తెరిచిన మనకి ఇది వింతగా తోచదు. ఇంగ్లండ్‌లో 1976 నాటి శ్రోతకి తోచింది.

ఇక వాంగెలిస్ మాట. అనుమానానికి కారణం లేకపోలేదు. 1974లో వేక్‌మన్ యెస్‌ని వదిలి వెళ్లినప్పుడు ఆయన స్థానంలోకి వాంగెలిస్‌ని తీసుకోవాలని ఆండర్సన్ గట్టిగా ప్రయత్నించారు, కుదరలేదు. 1975లో వాంగెలిస్ ఆల్బమ్ ‘హెవెన్ అండ్ హెల్’లో ఆండర్సన్ ఒక పాట పాడారు. స్నేహం ఉంది, ప్రభావమూ ఉంది. ఓలియాస్‌లోని విశాలమైన సింథసైజర్ తెరలు వింటే వాంగెలిస్ గుర్తుకు రాకుండా ఉండరు. కానీ ఆ ఇద్దరూ నిజంగా కలిసి చేసిన రికార్డు ఎలా ఉంటుందో మనకి తెలుసు. 1980లో ‘షార్ట్ స్టోరీస్’ వచ్చింది. వాంగెలిస్ కీబోర్డు ముందు కూర్చుని అప్పటికప్పుడు వాయిస్తూ పోతారు, ఆండర్సన్ అప్పటికప్పుడే పాడుతూ పోతారు. రెండు చేతుల నిండా సంగీతం, ఏటి ప్రవాహం. ఓలియాస్‌లో ఆ ప్రవాహం ఎక్కడా లేదు. చుక్క చుక్కగా కూడబెట్టిన నీళ్లు అవి. రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి వింటే చాలు, వేరే వాదన అక్కర్లేదు.

ఈ ఆల్బమ్ అంతా ఒకే కథ. ఆ కథ ఏమిటంటే, సన్‌హిల్లో ఒక గ్రహం. దాని ఆయువు తీరిపోతోంది. అక్కడ నాలుగు తెగలున్నాయి, ఒక్కో తెగదీ ఒక్కో తీరు సంగీతం. అందరినీ వేరే లోకానికి చేర్చే ఓడ పేరు మూర్‌గ్లేడ్. దాన్ని నిర్మించేవాడు ఓలియాస్, నడిపేవాడు రన్యార్ట్, నాలుగు తెగలనీ ఒక్క మాట మీదకి తెచ్చేవాడు కోక్వాక్. ఓడ లేచాక గ్రహం పగిలిపోతుంది. నడి ఆకాశంలో ప్రయాణికుల్లో భయం పుడుతుంది, ఆ భయమే ‘మూన్ రా’ అనే రూపం దాలుస్తుంది. ఓలియాస్ పాడతాడు. భయం కరుగుతుంది. చివరికి కొత్త నేల చేరతారు.

దీనికి ప్రేరణ ‘ఫ్రాజైల్’ అట్ట. దాని మీద చిత్రకారుడు రోజర్ డీన్ గీసిన చిట్టి గ్రహం, దాని మీదుగా ఎగిరే కొయ్య ఓడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ ఓడ ఎక్కడికి పోతోందన్న ప్రశ్నకి ఆండర్సన్ జవాబు ఈ కథ. ఓలియాస్ అట్టని మాత్రం డేవిడ్ ఫెయిర్‌బ్రదర్ రో గీశారు. కథ మొత్తాన్నీ బొమ్మలతో సహా ఆ ఎల్‌పీ అట్టలోనే అచ్చువేశారు. అట్ట విప్పి ఒళ్లో పెట్టుకుని, చదువుతూ వినాల్సిన రికార్డు అది.

ఓలియాస్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో నిజంగా బరువున్నది ఇక్కడే దొరుకుతుంది. అట్ట లేకుండా ఆ పాటలు విన్నవాడికి కథ అందదు. ఆండర్సన్ సాహిత్యం ఎప్పుడూ అర్థం వెంట నడవలేదు, శబ్దం వెంట నడిచింది. ‘కోక్వాక్’ ఘట్టంలోనైతే మాటలే కల్పితాలు, ఏ భాషకీ చెందని జపం అది. ఇవాళ ఫోన్‌లో పాటలు వినేవాడికి ఎనిమిది శీర్షికలు కనిపిస్తాయి, నోరు తిరగని పేర్లు కనిపిస్తాయి. కథ కనిపించదు. సంగీతం తన కథను తాను చెప్పుకోలేకపోవడం లోపమే, ఒప్పుకుంటాను. మొదటి వైపు చివర్లో ఆ జపం సాగినంతసేపు నాకూ ఓపిక సన్నగిల్లుతుంది. కానీ రెండో వైపు ‘సాలిడ్ స్పేస్’ దగ్గర్నుంచి ‘మూన్ రా’లోని డప్పుల మోత, దాని వెనకే వచ్చే నెమ్మది పాట, అక్కడ కథ తెలియకపోయినా ఏం జరుగుతోందో చెవికి తెలుస్తుంది. కలవరం, ఆ తర్వాత ఊరడింపు. మాట లేకుండా ఆ పని చేయించడం చిన్న విషయం కాదు.

మన దేశంతో ఒక ముడి ఉంది, దాన్ని వదిలిపెట్టలేను. 1973 మార్చిలో బ్రూఫర్డ్ పెళ్లిలో ‘కింగ్ క్రిమ్సన్’ బృందానికి చెందిన జేమీ మ్యూర్ ఆండర్సన్‌కి ఒక పుస్తకం గురించి చెప్పారు. పరమహంస యోగానంద ఆత్మకథ అది, తెలుగులో ‘ఒక యోగి ఆత్మకథ’గా ఎన్నో ఇళ్లలో కనిపించే పుస్తకమే. అందులో ఒక ఫుట్‌నోట్ శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అనే నాలుగు విభాగాలను వివరిస్తుంది. టోక్యోలో బస చేసిన హోటల్లో అది చదువుతున్నప్పుడు ఆండర్సన్‌కి నాలుగు భాగాల సంగీతం ఊహలోకి వచ్చింది. ఆ ఏడాది చివర్లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అదే. రెండు ఎల్‌పీలు, నాలుగు వైపులా నాలుగే పాటలు, ఎనభై నిమిషాల పైమాట. వేక్‌మన్‌కి అది మింగుడుపడలేదు. మాంచెస్టర్ కచేరీలో వేదిక మీదే కూర తెప్పించుకుని తిన్న సంగతి ఆయనే చాలాసార్లు చెప్పారు. 1974లో బృందం వదిలి వెళ్లారు.

నాకు ఆ రెండు ఎల్‌పీలంటే గౌరవం ఉంది. కానీ అక్కడ చట్రం అరువు తెచ్చుకున్నది. వేల ఏళ్ల శాస్త్ర విభజన ఒక ఫుట్‌నోట్‌లో ఇమిడి, దాని మీద ఎనభై నిమిషాల కట్టడం లేచింది. బరువు ఎక్కడ పడుతోందో తెలుస్తూనే ఉంటుంది. ఓలియాస్‌లోనూ నాలుగే, అయితే ఈసారి నాలుగు తెగలు. చట్రం సొంతం. పేర్లు సొంతం. పురాణాన్ని వివరించే పని మానేసి, ఆయన తానే ఒక పురాణం అల్లుకున్నారు. యోగానంద పుస్తకం, వెరా స్టాన్లీ ఆల్డర్ రాసిన ఆధ్యాత్మిక గ్రంథాలు, టోల్కీన్ కథలు, ఇవన్నీ కలిసి ఒక మనిషిలో ఇంకిపోయాక పైకి వచ్చిన ఊట ఇది. అందుకే 44 నిమిషాల ఓలియాస్ నాకు ఆ ఎనభై నిమిషాల రికార్డు కన్నా నిండుగా వినిపిస్తుంది.

వచ్చిన కాలం మాత్రం దానికి కలిసిరాలేదు. 1976 జూలై 4న అమెరికా బృందం ‘రమోన్స్’ లండన్‌లోని రౌండ్‌హౌస్‌లో వాయించింది. నవంబర్‌లో ‘సెక్స్ పిస్టల్స్’ తొలి పాట వచ్చింది. పంక్ ఉప్పెనలో మూడు నిమిషాలు దాటిన పాట మీదల్లా డబ్బున్నవాడి విలాసం అన్న ముద్ర పడింది. ఓలియాస్ బ్రిటన్ పట్టికలో 8వ స్థానం దాకా, అమెరికాలో 47 దాకా వెళ్లింది గనక జనం కొనకపోలేదు. కానీ తర్వాతి పదేళ్ల రాతల్లో గ్రహాలు, ఓడలు, హార్ప్‌లు అన్నీ కలిపి ఎగతాళి సరుకైపోయాయి. ఒక్క సంగతి ఎవరూ తలుచుకోలేదు. ఈ రికార్డు చేసినవాడు ఖరీదైన బడిలో చదివినవాడు కాదు. పదిహేనేళ్లకు బడి మానేసి ఇటుకల లారీ తోలినవాడు. మిల్లు ఊరి కుర్రవాడికి వీధి గురించి పాడటానికే హక్కుంది, ఆకాశం గురించి కలగనడానికి లేదు అనడం ఎలాంటి న్యాయమో నాకు అర్థం కాదు.

తర్వాత ఇంకో ముద్ర పడింది. 1987లో గ్రామీ పురస్కారాల్లో మొదటిసారి ‘న్యూ ఏజ్’ విభాగం వచ్చింది. ఆ తొలి పురస్కారం స్విట్జర్లాండ్ హార్ప్ కళాకారుడు ఆండ్రియాస్ వోలెన్‌వైడర్‌కి దక్కింది. అప్పటి నుంచి ఓలియాస్‌ని ఆ తరహా సంగీతానికి తాతగా లెక్కవేసేవాళ్లు ఎక్కువయ్యారు. ఇష్టపడేవాళ్లూ అదే మాట, పడనివాళ్లూ అదే మాట. నేను ఇందులో ఎవరి పక్షమూ చేరలేను. న్యూ ఏజ్ పేరుతో వచ్చినదాంట్లో చాలాభాగం వినేవాడిని విశ్రాంతిగా ఉంచడానికి చేసినది. ఓలియాస్‌లో నాలుగు తెగల కోలాహలం ఉంది, భయం ఉంది, ఓడ లేచేటప్పటి ఉరుకు ఉంది. ‘ఫ్లైట్ ఆఫ్ ది మూర్‌గ్లేడ్’ విని నిద్రపోవడం ఎవరి వల్లా కాదు.

ఆ గొంతు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడా ఒక అపనమ్మకం ఉంది. అంత పై స్థాయి దొంగ గొంతుతో పాడుతున్నారని చాలామంది అనుకున్నారు. అది ఆయన మామూలు గొంతే. ఆ గొంతుని పొరలు పొరలుగా పేర్చి ఒక ఊరంత బృందగానం తయారుచేశారు. నాలుగు తెగలూ, ఓలియాసూ, ప్రయాణికులూ అందరూ ఆ ఒక్కరే. బృందంతో పాడేటప్పుడు స్క్వైర్, హౌ పక్కగొంతులు కలిపేవారు, ఆ ఒరిపిడి యెస్ పాటలకి గొప్ప అందం. ఇక్కడ ఒరిపిడి లేదు. అన్నీ ఒకే లోహం. దీనివల్ల కొంత నష్టం ఉంది. ఎదురు చెప్పేవాడు లేడు, ఇది చాలు, ఇక్కడ ఆపుదాం అనేవాడు లేడు. స్క్వైర్ ఆల్బమ్‌లోని బిగువు ఇందులో కనిపించదు. యెస్ సభ్యుల ఆ అయిదు సొంత ఆల్బమ్‌లలో కట్టుదిట్టంగా ఉన్నది ఏదంటే నేను ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’నే చూపిస్తాను. కానీ స్క్వైర్ ఆల్బమ్ లాంటిది మంచి సంగీతకారులు కొందరు కూడితే ఇంకొకటి వస్తుంది. ఓలియాస్ ఇంకొకరు చేయలేరు. నేర్చిన వాద్యకారుడు అసలు చేయలేడు, ఎందుకంటే అతని చేతులు అలవాటైన దారులకే పోతాయి. ఆండర్సన్ చేతులకి అలవాటైన దారి ఏదీ లేదు. గొంతు ఎటు పోతే అటు పోయాయి.

ఆండర్సన్ ఆ తర్వాత ఎన్నో సొంత ఆల్బమ్‌లు చేశారు. యెస్‌ని వదిలి వెళ్లారు, తిరిగి వచ్చారు. 2008లో ఊపిరి జబ్బుతో మంచాన పడ్డప్పుడు బృందం ఆయన స్థానంలో వేరే గాయకుణ్ణి తెచ్చుకుంది. కోలుకుని మళ్లీ పాడారు. 2017లో యెస్‌తో పాటు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఇంత ప్రయాణంలో పూర్తిగా ఒంటరిగా, ఇంత పెద్ద ఎత్తున ఇంకొకటి చేయలేదు.

దీన్ని వినాలనిపిస్తే ఒక మనవి. ఏరుకుని ఒక్క పాట వినకండి. ముందు ఆ చిన్న కథ మనసులో పెట్టుకోండి, చెవులకి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోండి, ‘ఓషన్ సాంగ్’ నుంచి ‘టు ది రన్నర్’ దాకా వరసగా వినండి. 44 నిమిషాలు. మొదటి వైపు చివర కొంచెం ఓపిక పట్టండి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, అది మీ ఇష్టం. వాయించింది ఎవరన్న ప్రశ్న మాత్రం ఇక అడక్కండి. వాయించింది జాన్ ఆండర్సన్.